తూము దగ్గర తటస్థం

సుద్దకాలవ తూము మీది గొయ్యి సంగతి గంగులపాలెంలో తెలియనివాళ్ళు లేరు. బస్సు డ్రైవర్లకు తెలుసు, పాలవాళ్ళకు తెలుసు, ఆఖరికి గేదెలకు కూడా తెలుసు. అవి అక్కడికి రాగానే వాటంతటవే పక్కకు జరిగి పోతాయి. తెలియనిదల్లా సైకిల్ పందేల్లో తల వంచుకుని తొక్కేవాళ్ళకే. కిందటేడు ఏసోబు చెల్లెలు రూతు అందరికంటే ముందు వస్తూ వస్తూ ఆ గోతిలో పడి కాలర్ బోను విరగ్గొట్టుకుంది. ఆమె వెనక వచ్చిన ఎనిమిది మంది ఆమెను చూసుకుని గోతిని తప్పించుకున్నారు. ఆ రకంగా రూతు వల్ల ఎనిమిది ఎముకలు మిగిలాయని క్లబ్బు వారు తరవాత అభినందన పత్రంలో రాశారు.

ఆ క్లబ్బు పెట్టింది పానకాలరావు గారు. నీటిపారుదల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాక, డాక్టరు వ్యాయామం చెయ్యమంటే ఆయన సైకిలు కొన్నారు. సైకిలుకు తోడు కావాలి గనక నలుగురిని పోగు చేశారు. నలుగురు పోగయ్యాక సంఘం, సంఘమయ్యాక నియమావళి, నియమావళి అయ్యాక కార్యదర్శి కావాల్సి వచ్చాయి. కార్యదర్శి పని ఏసోబుకు పడింది. అతను సహకార సంఘంలో కంప్యూటర్ ఆపరేటరు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. కార్యదర్శిని చెయ్యడానికి ఇవి చాలు.

రూతు పడిన మూడో రోజే కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. అల్లం టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. ఏసోబు మినిట్సు పుస్తకం తెరిచి, తేదీ వేసి, తనకు తోచింది చెప్పాడు.

"గొయ్యి పూడిస్తే సరిపోద్ది గదా సార్."

పానకాలరావు గారు కళ్ళజోడు తీసి, చిన్నపిల్లవాడు చంద్రుణ్ణి తెమ్మన్నప్పుడు నవ్వినట్టు నవ్వారు.

"ఏసోబూ, ఆ గొయ్యి ఎవరిది?"

"రోడ్డుది సార్."

"రోడ్డు ఎవరిది? తూర్పు నుంచి తూము దాకా రోడ్ల శాఖ వారిది. తూము మా శాఖది. పడమటి దిగుడు పంచాయతీది. మూడూ కలిసే చోట సరిగ్గా గొయ్యి పడింది. నా సర్వీసులో ఆ గొయ్యి విషయమై పదకొండు లేఖలు నేనే రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. దానర్థం ఏమిటి?"

"ఎవరూ పట్టించుకోలేదని సార్."

"కాదు. విషయం ఇంకా పరిశీలనలో ఉందని. పరిశీలనలో ఉన్న గొయ్యిని మనం పూడ్చడమంటే నడుస్తున్న ఫైలులో చెయ్యి పెట్టడం."

లాయరు సీతాపతి గారు క్లబ్బుకు న్యాయ సలహాదారు. నల్లకోటు ఎండాకాలంలోనూ విప్పరు. ఆయన బిస్కెట్టు టీలో ముంచి, "ఇంకో చిక్కు కూడా ఉంది," అన్నారు. "ఇవాళ ఆ గొయ్యి ఎవరిదీ కాదు. పూడిస్తే, పూడ్చినవాడిది. రేపు అది మళ్ళీ కుంగి ఎవడన్నా పడ్డాడనుకో, పూడ్చినందుకు మనం ముద్దాయిలం. పూడ్చనంత కాలం మనం సాక్షులం మాత్రమే."

కాబట్టి గోతిని ముట్టుకోకుండా గోతి వల్ల వచ్చే ప్రమాదాన్ని మాత్రం తొలగించాలని తీర్మానం జరిగింది. అలాంటి మార్గం ఎక్కడో ఇంగ్లీషు నియమాల పుస్తకంలో ఉందని ఎవరో అన్నారు. పుస్తకం తెప్పించారు. దాన్ని తెలుగు చేసే పని ఏసోబు మీద పడింది.

ఏసోబు రెండు వారాలు సాయంత్రాలన్నీ దానికే పెట్టాడు. అందులో న్యూట్రలైజ్ అన్న మాట దగ్గర ఆగిపోయాడు. రేసు మధ్యలో ఏదన్నా అపాయం వస్తే న్యూట్రలైజ్ చెయ్యాలట. అంటే అపాయం పోయేదాకా ఎవరూ పోటీ పడకూడదు, ఒకరినొకరు దాటకూడదు. అతను సహకార సంఘం బీరువాలో ఉన్న నిఘంటువు తీసి వెతికి, చివరికి ఇలా రాశాడు:

'ప్రమాదకర పరిస్థితి ఎదురైనప్పుడు పోటీని తటస్థం చేయవలెను. తటస్థములో ఎవరును లాభపడరాదు, ఎవరును నష్టపోరాదు.'

రాసుకుని తనే పైకి చదువుకున్నాడు. బాగుందనిపించింది. పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి కరుణమ్మకు కూడా చదివి వినిపించాడు. ఆమె ఉపాధి హామీ పనిలో తట్ట మోసి మోసి ఇద్దర్నీ చదివించిన మనిషి. కొడుకు చదువుతుంటే అర్థం కాకపోయినా చెవులప్పగించి వింటుంది.

"బాగుంది నాయనా. దేని గురించి ఇది?"

"చెల్లి పడిందే, ఆ గొయ్యి గురించే అమ్మా."

"దాన్లో గొయ్యి పూడ్చమని ఎక్కడుంది?"

ఏసోబు కాగితం మళ్ళీ చూసుకున్నాడు. ఎక్కడా లేదు.

కార్యవర్గం మాత్రం ఆ వాక్యం విని పొంగిపోయింది. "ఎవరును లాభపడరాదు, ఎవరును నష్టపోరాదు! ఆహా! ఇంత సమన్యాయం నా ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో ఏ తీర్పులోనూ చూడలేదయ్యా," అన్నారు సీతాపతి గారు. పానకాలరావు గారు ముచ్చటపడి, తన చేత్తో రెండు వాక్యాలు చేర్చారు: 'తటస్థము కొనసాగుచున్నదని ప్రతి ఐదు నిమిషములకు బిగ్గరగా ప్రకటించవలెను. ప్రమాదమును అధికారి స్వయముగా కొలిచి, అది తొలగినట్లు ధ్రువీకరించిన పిమ్మట మాత్రమే తటస్థము ఎత్తివేయవలెను.' ఏడు గళ్ళ ఫారం ఒకటి అచ్చువేశారు. సీతాపతి గారిని ప్రధాన తటస్థాధికారిగా నియమించి, చేతికి నీలం పట్టీ, మెడలో ఈల, ఇంకో చేతికి నీలం జెండా ఇచ్చారు. గోతి చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత గీసి, పక్కన బోర్డు పాతారు: 'ఇది క్లబ్బుచే గుర్తించబడిన ప్రమాదము.'

కొత్త నియమాల కింద మొదటి పందెం జరిగిన రోజు ఇరవై నాలుగు కిలోమీటర్లకు నాలుగున్నర గంటలు పట్టింది. మొదట తూము దగ్గర తటస్థం. తరవాత రోడ్డు మీద మొక్కజొన్నలు ఎండబోసిన చోట తటస్థం. ఆ తరవాత రోడ్డుకు అడ్డంగా పడుకున్న ఒక కుక్క దగ్గర చాలా సేపు ఆగాల్సి వచ్చింది.

"పడుకున్న కుక్క పరిస్థితి కిందికి రాదు," అన్నారు సీతాపతి గారు. "లేచిన కుక్కే పరిస్థితి."

"అయితే వెళ్ళమంటారా సార్?" అంది రూతు. ఎముక అతుక్కుని అప్పటికి మళ్ళీ సైకిలెక్కింది.

"వెళ్ళేటప్పుడు లేస్తే?"

"లేస్తే ఆపండి."

"లేచేదాకా పరిస్థితి కాదుగా, నేనెట్లా ఆపగలను? ముందది లేవాలి. లేచాక దాని ధోరణి చూసి నిర్ణయిస్తాను."

కుక్క పదిన్నరకు లేచి, ఒళ్ళు విరుచుకుని, వాళ్ళవైపు చూడకుండా పోయింది. దాని ధోరణి ఏ గడిలో రాయాలో తెలియక ఏసోబు 'ఉదాసీనము' అని రాశాడు.

ఆ రోజు తొమ్మిది మందీ ఒకేసారి గమ్యం చేరారు. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. మర్నాడు జిల్లా పేజీలో 'గంగులపాలెంలో ప్రమాదరహిత సైకిల్ పోటీ' అని ఫోటోతో పడింది. చుట్టుపక్కల ఊళ్ళ క్లబ్బులవాళ్ళు వచ్చి ఫారం జిరాక్సులు తీసుకుపోయారు. తటస్థం చెయ్యని క్లబ్బంటే మొరటు క్లబ్బని పేరు పడింది.

అయితే రెండో నెలలో ఒక లోపం బయటపడింది. ముందున్నవాళ్ళను ఆపితే వెనకవాళ్ళు వచ్చి కలుస్తున్నారు. అంటే వెనకవాళ్ళు లాభపడుతున్నారు. నియమానికి విరుద్ధం. పానకాలరావు గారు ఆలోచించి, పందెంలో ఒక్కొక్కరి మధ్య ఉన్న దూరం చెదరకుండా తటస్థంలో మోకు కట్టించారు. తొమ్మిది సైకిళ్ళూ ఒకే మోకుకు, నడక వేగంతో. గేదెలు తోలుకెళ్తున్న వెంకటప్పయ్య తాత వాళ్ళను దాటుకుంటూ, "ఏమయ్యా, ఎక్కడికి, సంతకా?" అని అడిగిపోయాడు. ఇంతలో క్లబ్బు కోశాధికారి ఆ మోకు తట్టుకుని పడ్డారు. మోకు కూడా ప్రమాదకర పరిస్థితేనని తేలింది. అప్పుడు తటస్థం కారణంగా తటస్థం ప్రకటించారు. ఆ పందెం ఫలితం ఇప్పటికీ రాలేదు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది గాని, మూడో నెలలో రాష్ట్రస్థాయి శిక్షణ శిబిరం నుంచి ఉత్తరం వచ్చింది. క్లబ్బు నుంచి ఒక అమ్మాయిని పంపవచ్చు. ఒక్కరినే. రాబోయే పందెంలో మొదట వచ్చిన అమ్మాయిని.

ఆ ఉత్తరం చదివి వినిపించిన సాయంత్రం రూతు క్లబ్బు అరువిచ్చిన పాత రేసు సైకిలు చైనుకు నూనె రాస్తూ కూర్చుంది. తరవాత అంది:

"అన్నా, కిందటేడు నన్ను గొయ్యి పడేసింది. ఈయేడు నీ రూలు పడేస్తది."

"అట్టా అనబాక."

"ఏమనమంటా? నేను ఎంత ముందుకు పోయినా మీ లాయరు గారు ఈల ఊదుతాడు, వెనకోళ్ళు వచ్చి కలుస్తారు. చివరి ఆరు కిలోమీటర్లకి నేనూ వాళ్ళూ ఒకటే. నా వెనకే వచ్చే హాసిని కొత్త సైకిలు చూశావా? దాని మీద కూర్చుంటే అదే పోద్ది. నేను గెలవాలంటే తూముకి ముందే గెలవాలి. తూము దగ్గర నువ్వు అదంతా తుడిచేస్తావు."

"తుడవను," అన్నాడు ఏసోబు. "నీ ముందున్న దూరం నీదే. రూల్లో అదే రాశాను. ఎవరూ నష్టపోకూడదని."

"రాశావులే," అంది రూతు.

పందెం రెండో శనివారం పొద్దున పెట్టారు. తొమ్మిది మంది అమ్మాయిలు ఆరున్నరకు బయలుదేరారు. తూము పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర. అక్కడ సీతాపతి గారు ఈలతో, ఏసోబు ఫారాలతో, పానకాలరావు గారు జీపుతో సిద్ధంగా ఉన్నారు. ఈసారి గమ్యం దగ్గర ఉండాల్సిన వాళ్ళను కూడా తూము దగ్గరికే రప్పించారు. ప్రమాదం ఉన్నచోట యావన్మందీ ఉండడం బాధ్యత అని అధ్యక్షులవారి అభిప్రాయం.

ఆ రోజే తూముకు కింద సుద్దకాలవలో ఉపాధి పని జరుగుతోంది. పూడిక తీస్తూ ముప్పై మంది ఆడవాళ్ళున్నారు. కరుణమ్మ కూడా అక్కడే ఉంది. గట్టు మీద తవ్విపోసిన రాళ్ళూ మొరమూ గుట్టగా ఉన్నాయి.

ఏడూ పదికి మలుపులో రూతు కనిపించింది. ఒక్కతే. వెనక రోడ్డంతా ఖాళీ. ఏసోబు గుండె ఎగిరి గంతేసింది. అతను ఇంకా సంతోషపడుతూ ఉండగానే పక్కన ఈల మోగింది.

"తటస్థం! తటస్థం! తటస్థం!"

రూతు బ్రేకు వేసి, సున్నం గీత ముందు కాలు కింద పెట్టింది. అన్నవైపు చూసింది. ఏసోబు చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. హాసిని వచ్చేసరికి సరిగ్గా నలభై సెకన్లు. అతను ఫారం మీద పెద్ద అక్షరాలతో '40' వేసి చుట్టూ సున్నా చుట్టాడు. మిగతా ఏడుగురూ వచ్చి ఆగారు.

"మూడో గడి, లోతు," అన్నారు పానకాలరావు గారు. "స్కేలు ఏదీ?"

స్కేలు లేదు. కిందటి పందెంలో మోకుతో పాటు దాన్నీ కట్టేసి ఎక్కడో పెట్టారు.

"పోయిన నెల లోతు ఆరు అంగుళాలు సార్. అదే వేద్దాం," అన్నాడు ఏసోబు.

"పోయిన నెల లోతుతో ఈ నెల ప్రమాదాన్ని ఎలా ధ్రువీకరిస్తామయ్యా?"

జీపును ఊళ్ళోకి పంపారు. స్కేళ్ళు అమ్మే కొట్టు ఇంకా తెరవలేదు. అధికారులందరూ తుమ్మచెట్టు నీడకు చేరి, మోకు లేకుండా నలభై సెకన్లను ఎలా భద్రపరచాలన్న విషయం మీద చర్చలో పడ్డారు. సెకన్లను గజాల్లోకి మార్చవచ్చని ఒకరన్నారు. ఏ వేగం లెక్కన అని ఇంకొకరన్నారు. ఆగి ఉన్నవాళ్ళ వేగం సున్నా గనక నలభై సెకన్లంటే సున్నా గజాలని సీతాపతి గారు తేల్చారు. ఆ మాట రూతుకు వినిపించింది. ఆమె పెదవి కొరుక్కుంది. చెమట ఆరిపోతోంది, పిక్కలు పట్టేస్తున్నాయి. చేతులతో రుద్దుకుంటోంది.

ఐదేసి నిమిషాలకోసారి సీతాపతి గారు నీడలోంచి తల బయటకు పెట్టి, కాలవ ప్రతిధ్వనించేలా "తటస్థం! తటస్థం! తటస్థం!" అని ప్రకటించి మళ్ళీ చర్చలోకి వెళుతున్నారు.

కింద కాలవలో కరుణమ్మ నడుం ఎత్తి చెయ్యి చెవికి పెట్టుకుంది.

"ఏందంటన్నాడే నాగేంద్రమ్మా, ఆ నల్లకోటాయన?"

"తట్టేస్తం, తట్టేస్తం అంటన్నాడు వదినా."

"ఏస్తే ఎయ్యొచ్చుగా? అరగంట నించీ అరుస్తన్నాడు, ఒక్క తట్టన్నా ఏసిన పాపాన పోలా."

"పాపం, చేతులో తట్ట లేదేమో. జెండా ఉంది."

"పెద్దోళ్ళు, ఎప్పుడు ఎత్తారు గనక. ఆ పిల్లలు చూడు ఎండలో ఎట్టా నిలబడ్డారో." కరుణమ్మ చీర కొంగు తలకు చుట్టింది. "పదండే. మాట అన్నాడు గదా ఆయన. మనం ఏస్తే ఏం పోయింది?"

ఏసోబు తల ఎత్తేసరికి నలుగురు ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని గట్టెక్కి వస్తున్నారు. మొదటి తట్టలో రాళ్ళు. గోతిలో గలగలమని పడ్డాయి. రెండో తట్ట రాళ్ళు. తరవాత మొరం.

"అమ్మా! ఏం చేస్తన్నావు?"

"మీ సారు తట్టేస్తం తట్టేస్తం అంటన్నాడు గదా నాయనా. ఆయనకెందుకు శ్రమ?"

ఏసోబుకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, కార్యదర్శిగా తన బాధ్యత ఏమిటో కూడా గుర్తొచ్చింది: వెంటనే చెట్టు దగ్గరికి పరిగెత్తి అధ్యక్షులవారికి చెప్పాలి. అతను చెట్టువైపు చూశాడు. అక్కడ సున్నా గజాల మీద ఓటింగు జరుగుతోంది. రూతువైపు చూశాడు. రూతు కళ్ళు పెద్దవి చేసుకుని గోతిలోకి చూస్తోంది. ఆ గొయ్యి నిండుతూ ఉండడం ఆ ఊరివాళ్ళెవరూ ఎన్నడూ చూడని దృశ్యం. ఏసోబు ఫారం కింద పెట్టి, పెన్ను మూత పెట్టి, తల్లి నెత్తి మీద తట్ట దించడానికి చెయ్యి వేశాడు.

ఏడు తట్టలు పట్టింది. ఆపైన రెండు బిందెల నీళ్ళు చల్లి, నలుగురూ గుండ్రంగా తిరుగుతూ కాళ్ళతో తొక్కారు. పదినిమిషాల్లో అయిపోయింది. సున్నం గీత కూడా మట్టిలో కలిసిపోయింది.

జీపు వచ్చింది. స్కేలు దొరక్క డ్రైవరు దర్జీ టేపు తెచ్చాడు. పానకాలరావు గారు టేపు పట్టుకుని, ముక్కాలు గంట తరవాత, హుందాగా నడిచివచ్చి వంగారు. వంగినవారు అలాగే ఉండిపోయారు.

"గొయ్యి ఏదీ?"

ఆయన తల ఎత్తి చుట్టూ చూశారు.

"ఏసోబూ! గొయ్యి ఎక్కడయ్యా?"

"మీ కాళ్ళ కింద సార్."

ఆయన ఉలిక్కిపడి పక్కకు దూకారు. తరవాత కాలితో నేలను తట్టి చూశారు. ముఖంలో రంగు మారింది.

"ఎవరి ఉత్తర్వు మీద? అసలు కొలవకుండా ప్రమాదం తొలగిపోతే దాన్ని నేనేమని ధ్రువీకరించాలి? ప్రమాదం లేకపోతే తటస్థం ఎందుకు పెట్టాం? ఉంటే ఏదీ? అమ్మా, మీరు తక్షణం ఈ గోతిని పూర్వస్థితికి తీసుకురండి. నేను కొలుస్తాను. కొలిచాక పద్ధతి ప్రకారం చూద్దాం."

కరుణమ్మ పార నేలకు ఆనించి నిలబడింది. "అంటే మళ్ళా తవ్వమంటారా సారూ?"

"ఆరు అంగుళాలు చాలు."

"తవ్వచ్చుగానీ అయ్యా, రోడ్డు తవ్వితే కేసంట. మా మేటు పొద్దునే చెప్పాడు. కాలవ తవ్వండి, రోడ్డు మీద మాత్రం పార ఎయ్యబాకండి అని. రోడ్డెవరిదో వాళ్ళ కాగితం కావాలంట. ఇంతకీ ఇది ఎవరి రోడ్డండీ?"

పానకాలరావు గారు సీతాపతి గారి వైపు తిరిగారు.

"ఆమె చెప్పింది నిజమేనండి," అన్నారు సీతాపతి గారు బాధగా. "పూడ్చడానికి చట్టంలో శిక్ష లేదు, తవ్వడానికి ఉంది. మూడు శాఖల అనుమతీ కావాలి."

"అయితే రాద్దాం. అనుమతి వచ్చేదాకా తటస్థం కొనసాగుతుంది."

"ఎన్నాళ్ళు సార్?" అంది రూతు.

ఆయన దర్జీ టేపు వేలికి చుట్టుకున్నారు. పదకొండు లేఖలు గుర్తుకొచ్చాయి కాబోలు.

"ఏందే రూతూ!" కరుణమ్మ గొంతు ఎత్తింది. "రోడ్డు శుభ్రంగా ఉంటే కాలు కింద పెట్టుకోని నిలబడ్డావేంది? పో!"

రూతు కదలలేదు. అన్నవైపు చూసింది. ఏసోబు ఏదో అనబోయేలోపు వెనక నుంచి హాసిని, ఆ ఖరీదైన సైకిలు అమ్మాయి, చెయ్యెత్తింది.

"ఆంటీ, ఆమె ముందు పోవాలి. నలభై సెకన్లు ఆమెవి. రూతూ, నువ్వు పో. మేం లెక్కపెడతాం."

రూతు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి పెడలు మీద లేచింది. కొత్తగా పూడిన చోట సైకిలు ఎగరలేదు, కుదుపు లేదు, చక్రం మెత్తగా దాటిపోయింది.

"ఒకటి! రెండు! మూడు!" హాసిని మొదలుపెట్టింది. మిగతా ఏడుగురూ అందుకున్నారు. పదికి వచ్చేసరికి కాలవలో ఆడవాళ్ళు అందుకున్నారు. ఇరవై దగ్గర జీపు డ్రైవరు కలిశాడు. 'ఎవరును లాభపడరాదు, ఎవరును నష్టపోరాదు' అని రాసిన ఏసోబు, తను రాసింది జరుగుతుంటే మొదటిసారి చూస్తున్నాడు. ముప్పై ఐదు దగ్గర అతని గొంతు కూడా కలిసింది. నలభై అనగానే ఎనిమిది సైకిళ్ళూ బాణాల్లా లేచిపోయాయి.

"తటస్థం!" సీతాపతి గారు జెండా ఊపుతూ వెనకాల పరిగెత్తారు. "తటస్థం! తటస్థం!"

"ఇంకోటి కావాలంటన్నాడు వదినా," అని నాగేంద్రమ్మ గబగబా ఎనిమిదో తట్ట తెచ్చి కుమ్మరించింది.

గమ్యం మార్కెట్ యార్డు గేటు. అక్కడ ఉండాల్సిన అధికారులందరూ తూము దగ్గరే ఉండిపోవడంతో, పందెం ముగింపు చూసింది టీకొట్టు మస్తాను ఒక్కడే. జీపు అక్కడికి చేరేసరికి తొమ్మిది మంది అమ్మాయిలు బల్లల మీద కూర్చుని టీలు తాగుతున్నారు. రూతు నేల మీద వెల్లకిలా పడుకుని నవ్వుతోంది. హాసిని ఏసోబు చేతిలో ఒక కాగితం పెట్టింది. ప్యాడు నుంచి చింపిన కాగితం. కింద తొమ్మిది సంతకాలు, ఒక వేలిముద్ర. వేలిముద్ర మస్తానుది.

'రూతు మొదట వచ్చింది. నేను రెండు. ఆమె వెనక చక్రానికీ నా ముందు చక్రానికీ మధ్య జానెడు ఉంది. ఇంకో ఫర్లాంగు ఉంటే నేనే గెలిచేదాన్ని. లేదు కాబట్టి రూతే. అబద్ధమైతే నా చైను తెగిపోవాలి.'

కాగితం బాగానే ఉంది. కాని తటస్థం ఎత్తివేసినట్టు అధ్యక్షుల సంతకం లేనిదే ఆ ఆరు కిలోమీటర్లు పందెం కిందికి రావు. మధ్యాహ్నం కార్యవర్గం కూర్చుంది. పానకాలరావు గారు ఫారం ముందు పెట్టుకుని, ఏడో గడి మీద పెన్ను ఆడిస్తున్నారు. 'ప్రమాదము ఎవరి ఉత్తర్వు మేరకు తొలగించబడినది?'

"ఉత్తర్వు లేదు. కాబట్టి తొలగలేదు. కాబట్టి పోటీ జరగలేదు," అన్నారాయన, అలసటగా.

ఏసోబు లేచి నిలబడ్డాడు. ఆ గదిలో అతను ఎప్పుడూ రాయడమే గాని వాదించింది లేదు.

"సార్, నాకు తెలిసింది చెప్తాను. గొయ్యి లేదని రాస్తే, ఇంతమంది పెద్దలు ముక్కాలు గంట సేపు లేని గోతికి కాపలా కాసినట్టు అవుతుంది. పేపరువాళ్ళు అడుగుతారు."

"అది బాగుండదు," అన్నారు పానకాలరావు గారు.

"గొయ్యి ఉంది, పోయింది అని రాస్తే, ఎవరి ఉత్తర్వు అని అడుగుతారు. ఉత్తర్వు ఉంది సార్. సీతాపతి గారు ఇచ్చారు. ఐదు నిమిషాలకోసారి ఇచ్చారు. ముప్పై మంది విన్నారు. వినే తట్టలు తెచ్చారు. మా అమ్మను పిలిచి అడగండి."

సీతాపతి గారు టీ కప్పు దించారు. మెల్లగా నీలం పట్టీ సర్దుకున్నారు. "నిజమే," అన్నారు. "నా గొంతు కోర్టు ఆవరణ దాటి వినపడుతుందని జడ్జిగారు కూడా ఒకసారి అన్నారు."

"అంటే," పానకాలరావు గారి ముఖం వికసించింది, "పదకొండు లేఖలకు కదలని గొయ్యి మన ప్రకటనకు కదిలిందన్నమాట!"

"ఏడు తట్టల్లో కదిలింది సార్."

"ఏడా? ఎనిమిదని విన్నానే?"

"ఎనిమిదోది పందెం వెళ్ళాక సార్."

"అది నిర్వహణ కింద రాయి," అని పానకాలరావు గారు సంతకం పెట్టారు.

రూతు శిబిరానికి వెళ్ళింది. రెండో రోజు సాయంత్రం ఫోను చేసి, "అమ్మా, ఇక్కడ రోడ్ల మీద ఒక్క గొయ్యీ లేదు. ఎక్కడ చూసుకోని తొక్కాలో తెలీడంలా," అని గోల పెట్టింది. "అలవాటవుద్దిలే, తిని పడుకో," అంది కరుణమ్మ.

నియమావళి రెండో ముద్రణకు ఏసోబే అచ్చు దిద్దాడు. ఒక్క మాటకు ఒక్క వత్తు పెట్టాడు. కార్యవర్గంలో పదకొండు మంది చదివి ఆమోదించారు. ఎవరికీ అనుమానం రాలేదు. తరవాతి పందెంలో వడ్లమిల్లు మలుపు దగ్గర కొత్తగా పడిన గొయ్యి చూసి సీతాపతి గారు ఈల ఊది గొంతెత్తగానే, పక్క చేలల్లో కలుపు తీస్తున్నవాళ్ళు, అప్పటికే సంగతి తెలిసినవాళ్ళు, తట్టలు ఎత్తుకుని వచ్చేశారు. ఆయన ఫారం జేబులోంచి తీసేలోపే అది పూడిపోయింది. "చూశావుటయ్యా గొంతు!" అన్నారాయన ఏసోబుతో.

అచ్చయిన పుస్తకం ఇంటికి తెచ్చిన సాయంత్రం ఏసోబు తల్లికి చదివి వినిపించాడు. కరుణమ్మ అంతా విని, మళ్ళీ అదే ప్రశ్న వేసింది.

"అంతా బాగుంది నాయనా. దాన్లో గొయ్యి పూడ్చమని ఎక్కడుంది?"

ఏసోబు ఆమె వేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టాడు. 'ప్రమాదకర పరిస్థితి ఎదురైనప్పుడు పోటీని తట్టస్థం చేయవలెను.'

"ఇదిగో, ఈ అక్షరం కింద చూడు. ముందు ఇది లేదు. ఇప్పుడు పెట్టాను."

కరుణమ్మ కాగితం దీపం దగ్గరికి జరుపుకుని, ఆ చిన్న వత్తును వేలితో తడిమి చూసింది.

"ఇదా తట్ట? కిందనే పెట్టావే," అంది. "మంచిదిలే. ఎత్తుకునేవాళ్ళకి అందుద్ది."